జంజుమ్మీయుల సాక్ష్యం

కట్టుకథలను జీవితమంతా ఎండగట్టిన మనిషికి చివరికి దక్కినవి కట్టుడు పళ్ళు. పై వరుసా కింది వరుసా నోట్లో అమరగానే సాక్ష్యం మాస్టారు పోగొట్టుకున్న మొదటి మాట తన పేరే.

అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. కళాశాలలో ప్రాచీన చరిత్ర చెప్పినన్నాళ్ళూ ఎవరే మాటన్నా "సాక్ష్యం ఏదీ?" అని అడిగేవారు గనుక విద్యార్థులు తగిలించినది. ఆయన ఉద్యోగం విరమించారు గాని పేరు విరమించలేదు. వీధి మొదట్లో ఇస్త్రీ చేసేవాడి నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరికీ ఆయన సాక్ష్యం మాస్టారే.

"ఏదీ బావా, ఒక మాట అను," అన్నాడు బావమరిది, చేతి అద్దం ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుని.

ఆ పళ్ళు కట్టింది ఆ బావమరిదే. అతని గదిలో అరల నిండా ప్లాస్టరు దవడల అచ్చులు, ఒక్కొక్క దాని కింద పెన్సిలుతో సొంతదారు పేరు, మూలన అరగదీసే చిన్న యంత్రం, గదంతా కరిగిన మైనం వాసన. పెదవులు లేనందువల్ల ఆ దవడలన్నీ సొంతదారుల స్వభావంతో నిమిత్తం లేకుండా నవ్వుతూ ఉంటాయి.

మాస్టారు అలవాటైన మాటే అనబోయారు. "స" దగ్గర ఈల వచ్చింది. "క్ష" దగ్గర తుంపర వచ్చింది. చివరికి వచ్చేసరికి కింది పళ్ళ పలక లేచి కూర్చుంది. మొత్తం మీద వినిపించినది మాట కన్నా కుక్కరుకే దగ్గరగా ఉంది.

"బ్రహ్మాండం," అన్నాడు బావమరిది.

"వదులు," అన్నారు మాస్టారు.

"వదులు కాదు బావా. కొత్త కోడలు లాంటివివి. కొన్నాళ్ళు ఆవిడ సర్దుకోవాలి, కొన్నాళ్ళు ఇల్లు సర్దుకోవాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నీ నోరు నువ్వు మంచి చేసుకోక నా పళ్ళనంటే ఎలా?"

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. కట్టించుకోవడానికి మాత్రం భార్య తమ్ముణ్ణి ఎంచుకోవడం, సాక్ష్యం పరిశీలించకుండా మాస్టారు తీసుకున్న ఏకైక నిర్ణయం. వేరొకరి దగ్గరికి వెళ్ళే దారి కూడా లేదు. వెళితే పళ్ళు బిగుస్తాయేమో గాని ఇంట్లో సంబంధాలు వదులవుతాయి.

ఇంటికి వచ్చి ఆయన శాస్త్రీయంగా పరిశోధన మొదలుపెట్టారు. ఏ అక్షరాలు పోయాయి, ఏవి మిగిలాయి? చ, జ, శ, ష, స పూర్తిగా నేలమట్టమయ్యాయి. "జ" మరీ ఘోరం. ఆ అక్షరానికి పలక జారుతుంది, జారకుండా పెదవులు మూస్తారు, మూసిన పెదవుల నుంచి అడగని "మ్" ఒకటి బయటపడుతుంది. మిగిలిన అక్షరాలు క్షేమం. దీని ఫలితం ఆయనకు బొత్తిగా నచ్చలేదు. నిజం, సత్యం, రుజువు, సాక్ష్యం, శాస్త్రం, చరిత్ర, ఇవన్నీ పళ్ళు కావలసిన మాటలు. దేవుడు, కృప, ప్రార్థన, ఆమెన్, ఇవి పళ్ళు లేకపోయినా నిక్షేపంగా పలుకుతాయి. అయితే సందేహవాదికి ప్రాణప్రదమైన మూడు మాటలు, లేదు, తెలియదు, నమ్మను, వీటికి కూడా పళ్ళతో పని లేదు. ఆ మాత్రం ఊరటతో ఆయన నిద్రపోయారు.

ఆ ఊరట ఎక్కువ కాలం నిలవలేదు, ఎందుకంటే ఆయన మాటలకు అర్థం చెప్పే బాధ్యతను భార్య స్వీకరించింది.

ఆమె భక్తురాలు. పెళ్ళినాటి నుంచీ ప్రార్థనా మందిరానికి ఒంటరిగానే వెళ్ళి వస్తోంది. "మాస్టారు రాలేదా?" అని ప్రతివారమూ ఎవరో ఒకరు అడుగుతారు. "పని ఉందట," అని ప్రతివారమూ చెబుతుంది. ఆయనకు ఆ రోజున పత్రిక చదవడం తప్ప మరో పని లేదని అందరికీ తెలుసు. అలాంటి మనిషికి భర్త నోరు చేతికి వచ్చింది.

మొదట చిన్నవాటితో ఆరంభమైంది. కుళాయి బాగుచేసేవాడితో మాస్టారు, "నువ్వు చేసినదాన్ని పని అనరు, మళ్ళీ కారుతోంది," అన్నారు. అతను ఆమె వైపు చూశాడు.

"బాగానే చేశావట నాయనా, ఇంకొక్కసారి చూసిపొమ్మంటున్నారు," అందామె.

అతను నవ్వుతూ విప్పి మళ్ళీ బిగించాడు. కారడం ఆగింది. అసలు మాట చేరి ఉంటే ఆగేది కాదని మాస్టారికి తెలుసు. తప్పుడు అనువాదం వల్ల మేలు జరగడం ఆయనకు ఎంతమాత్రం మింగుడుపడలేదు.

పాస్టరుగారు వచ్చిన సాయంకాలం వ్యవహారం ముదిరింది. పాస్టరు ఒకప్పుడు మాస్టారి విద్యార్థే. చివరి బెంచీలో కళ్ళు తెరిచి నిద్రపోగలిగిన ప్రతిభావంతుడు. శనివారాలు మందిరం వెనక హాల్లో బైబిలు లేఖనాలు చదివే తరగతి ఒకటి నడుపుతున్నాడు. ధర్మశాస్త్రపు ఐదో గ్రంథానికి వచ్చి ఆగిపోయారట.

"జంజుమ్మీయులట మాస్టారూ. ఒక్కసారి వస్తారు, మళ్ళీ కనపడరు. ఎవరు సార్ వీళ్ళు? అందరూ అడుగుతున్నారు. నాకేమో, మీకు తెలుసుగా, మీ క్లాసులో..."

"నిద్రపోయావు," అన్నారు మాస్టారు.

"జ్ఞాపకం ఉన్నావంటున్నారు," అంది భార్య.

మాస్టారు కుర్చీలో ముందుకు జరిగారు. అందుకు కారణం భార్య అనువాదం కాదు. జంజుమ్మీయుల గురించి తనను ఒక మనిషి అడగడం జీవితంలో అదే మొదటిసారి. ఆయనకు ప్రాచీన చరిత్రలో ఇష్టమైనవి చిన్న జాతులు. పెద్ద రాజుల గురించి అబద్ధాలు చెప్పడానికి కావలసినంత మంది ఉన్నారు. చిన్న జాతుల గురించి ఆ అబద్ధాలు కూడా మిగల్లేదు. జంజుమ్మీయుల విషయంలో మిగిలినది నాలుగు ముక్కలు: అమ్మోనీయుల దేశంలో వాళ్ళకంటే ముందు ఉండేవాళ్ళు, గొప్పవాళ్ళు, అనేకులు, పొడుగువాళ్ళు. తరువాత లేరు. ఆ పేరు కూడా అమ్మోనీయులు పిలిచినదేనని గ్రంథమే ఒప్పుకుంటుంది.

అయినా ఆయన తమాయించుకున్నారు. మందిరం మెట్లెక్కనని పట్టిన పట్టు ఆషామాషీది కాదు.

"నేను రాను. నాకు నమ్మకం లేదు," అన్నారు.

"వస్తారట," అంది భార్య. "ఈ పళ్ళతో మాట్లాడగలనా అని తనమీద తనకే నమ్మకం లేదట. నేను పక్కనుంటాను లెండి."

మాస్టారు మళ్ళీ నోరు తెరిచేసరికి పాస్టరు కుర్చీలోంచి లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. మర్నాడు మందిరం గోడమీది నల్లబల్లపై సుద్దముక్కతో రాసిన ప్రకటన వెలసింది: *శనివారం. సాక్ష్యం మాస్టారు. సాక్ష్యం.*

ఇస్త్రీ చేసేవాడు ఆ వార్త మోసుకొచ్చాడు. "మారిపోయారట కదా మాస్టారూ. మా ఆవిడ కూడా వస్తానంటోంది వినడానికి."

అప్పటికి గాని మాస్టారికి దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియలేదు. ఆయన భాషలో సాక్ష్యం అంటే ఆధారం. మందిరం భాషలో సాక్ష్యం చెప్పడమంటే, నేను దారి తప్పాను, దేవుడు నన్ను మార్చాడు అని నలుగురిలో నిలబడి చెప్పుకోవడం. తానే పెంచి పోషించిన మాట గోడ దూకి అవతలి పక్షంలో కలిసింది. వెళ్ళకపోతే ఆయన తరఫున పాస్టరు మాట్లాడతాడు. వెళితే భార్య మాట్లాడుతుంది. ఎటు పోయినా శనివారం సాయంత్రానికి, లేదు, తెలియదు, నమ్మను అన్న మూడు మాటల మీద కట్టుకున్న జీవితం అంతా, చివరికి దారికొచ్చాడు అన్న ఒక్క వాక్యంగా ఊళ్ళో మిగులుతుంది.

"నువ్వు మార్పు లేకుండా అనాలి," అన్నారాయన భార్యతో, కష్టమైన అక్షరాలు ఏరి పారేసి. "నేను అన్నదే అనాలి."

"నేనెప్పుడు మార్చానండీ?" అందామె. అందులో కపటం ఏమాత్రం లేదు. "మీరు అనాలనుకున్నదే కదా చెబుతున్నాను."

ఆమెను నమ్ముకుంటే లాభం లేదని గ్రహించి, ఆయన ఉపన్యాసాన్ని చ జ శ ష స లు లేకుండా రాయడానికి పూనుకున్నారు. రుజువు స్థానంలో ఆధారం వచ్చింది. జాతి బదులు తెగ, చరిత్ర బదులు గతం, శత్రువు బదులు పగవాడు. "చెప్పారు" అన్నచోటల్లా "అన్నారు" అయింది. భోజనాల బల్ల మీద ఆ వాక్యాలను గట్టిగా చదువుకుంటుంటే భార్య గిన్నెలు తుడుస్తూ వినేది. ఒక్క మాట దగ్గర మాత్రం దారి లేదు. ఆ తెగ పేరులోనే రెండు "జ"లు ఉన్నాయి.

"జంజుమ్మీయులు," అన్నారు ఆయన, పెదవులతో పలకను ఆపుకుంటూ.

"బాగానే వినపడింది," అంది భార్య.

ఆయన ఉత్సాహంగా తరువాతి మాట అందుకున్నారు. మొదటి గ్రంథంలో, రాజులు దండెత్తిన చోట, జూజీయులని ఇంకొక తెగ కనబడుతుంది. జూజీయులూ జంజుమ్మీయులూ ఒకరేనని, ఒకే పేరు ఎక్కడో వినడంలోనో రాయడంలోనో రెండయిందని కొందరు పండితుల ఊహ. ఆ ఊహను మాస్టారు ఉద్యోగంలో ఉన్నంతకాలమూ చెండాడారు. రెండు పేర్లు ఒకలాగా వినిపించినంత మాత్రాన రెండు జాతులను ఒకటి చేయడం పామర శాస్త్రమని ఆయన మతం. ఇప్పుడు ఆ రెండో పేరు పలికారు.

"అదే మాట మళ్ళీ అన్నారేం?" అంది భార్య.

"కాదు. ఇది వేరే మాట."

"ఏది, మళ్ళీ అనండి."

ఆయన అన్నారు. "జూ" దగ్గర పలక జారింది, పెదవులు మూసుకున్నాయి. "జీ" దగ్గర మళ్ళీ జారింది, మళ్ళీ మూసుకున్నాయి.

"జుంజుమ్మీయులు," అందామె తేటగా. "ఇందాకటిదే. మీకు తేడా తెలుస్తోందేమో గాని నాకు తెలీడం లేదు."

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. తాను జీవితమంతా ఖండించిన సిద్ధాంతం తన నోట్లోనే, బావమరిది కట్టిన పలక సాయంతో, కళ్ళెదుట జరిగి కనిపించింది. నిజాయితీ గలవాడు గనుక ఆయన వెంటనే తనను తాను హెచ్చరించుకున్నారు: ఇది అలా జరిగిందనడానికి ఆధారం కాదు, అలా జరగడం సాధ్యమనడానికి మాత్రమే. కాని ఆ రెండింటికీ ఉన్న తేడా ఆ పూట ఆయనకు మునుపంత ఓదార్పు ఇవ్వలేదు.

"ఆ ఒక్క పేరూ నువ్వే పలుకు," అన్నారు చివరికి.

శనివారం హాలు నిండింది. మడత కుర్చీలు చాలక పక్క గదిలోంచి బెంచీలు మోసుకొచ్చారు. బావమరిది కూడా వచ్చి, తన పనితనం నలుగురూ చూడాలని మధ్యలో కూర్చున్నాడు. ముందు వరుసలో చెవియంత్రం పెట్టుకున్న ఒక పెద్దావిడ, యంత్రాన్ని ఎక్కువ చేస్తూ తక్కువ చేస్తూ, అది కూస్తుంటే చుట్టూ చూస్తూ ఉంది. పాస్టరు లేచి, మాస్టారు నేడు సాక్ష్యం ఇస్తారన్నాడు. ఇవ్వబోయే సాక్ష్యం ఏ రకందో చెప్పకపోవడం వల్ల మాస్టారు ఖండించడానికి వీలు లేకపోయింది.

ఆయన నిలబడ్డారు. భార్య పక్కన నిలబడింది. మంచి చీర కట్టుకుంది. ఆ హాల్లో వాళ్ళిద్దరూ ఒకచోట నిలబడడం అదే ప్రథమం. ఆమె ముఖం చూస్తే ఎవరికైనా తెలిసేది, ఆమె కూడా ఆ విషయమే తలుచుకుంటోందని.

"ఆ పేరు వారు పెట్టుకున్నది కాదు," అన్నారు మాస్టారు. "పక్కవారు పెట్టింది. వీరికి వారి పలుకు తెలియదు. తెలియని పలుకు వీరికి గొణుగుడులా వినపడింది."

"జంజుమ్మీయులు అన్నది వాళ్ళ సొంత పేరు కాదట," అంది భార్య. "గొణిగేవాళ్ళని అమ్మోనీయులు పెట్టిన ఎగతాళి పేరట." ఇంతవరకు ఆమె నిప్పులాంటి అనువాదకురాలు. మాస్టారు ధైర్యం తెచ్చుకున్నారు.

"వారు పొడుగువారట. ఆ మాటా పక్కవారిదే. ఓడినవాణ్ణి ఎప్పుడూ పొడుగువాడనే అంటారు. పొట్టివాణ్ణి ఓడగొట్టానంటే గొప్పేముంది?"

ఎవరూ నవ్వలేదు. అందరూ ఆమె వైపు తిరిగారు.

"వాళ్ళు చాలా పొడుగువాళ్ళట. ఎంత పొడుగువాణ్ణైనా దేవుడు పడగొట్టగలడట."

హాలంతా ఆమెన్ అంది. మాస్టారు భార్యను చూశారు. ఆమె ఆయన చొక్కా కాలరు సర్దింది.

"ఆ మాట నేను అనలేదు," అన్నారాయన.

"ఆ మాట ఇన్నాళ్ళూ అనలేదట," అంది ఆమె.

"దేవునికి స్తోత్రం," అన్నాడు పాస్టరు. బావమరిది పక్కవాడితో, "పై వరుస చూడండి, కదలడం లేదు," అన్నాడు.

మాస్టారు తడబడలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండివాడికి ఉపన్యాసం కూడా తోడైతే చెప్పనక్కర్లేదు. కాగితం పక్కన పెట్టి, కొంచెం నెమ్మదిగా, ఈసారి హాలు వైపు కాకుండా భార్య వైపు తిరిగి మాట్లాడారు.

"ఆ గొణుగుడులో ఏముందో పక్కవారు ఆగి వినలేదు. ఒక్కడైనా ఆగి, ఏమన్నావు అని అడిగి ఉంటే, వారి పేరు మనకు మిగిలేది. అడగలేదు. వారు ఎవరిని వేడుకున్నారో, ఏమని పాడుకున్నారో, మనకు తెలియదు. తెలియదనడమే మర్యాద."

ఆమె హాలు వైపు తిరిగింది. "వాళ్ళేమంటున్నారో అమ్మోనీయులు ఆగి వినలేదట," అంది. "అడిగి ఉంటే... ఒక్కళ్ళు అడిగి ఉన్నా వాళ్ళ పేరు మిగిలేదట." ఆగింది. కొంగు సర్దుకుంది. "ఎవరికి మొక్కుకున్నారో తెలియదట. తెలియనప్పుడు తెలియదనడం మర్యాదట."

ఇందులో ఎక్కడ ఆమెన్ అనాలో తోచక హాలు ఊరుకుంది. పాస్టరుకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. ఇంత మందిని పిలిచి తెలియదు అన్న మాటతో ఇంటికి పంపితే తరగతికి మర్యాద కాదు.

"చాలా సంతోషం మాస్టారూ," అన్నాడు లేచి. "చివరిగా ఒక్క ముక్క. ఇంతమంది మీ నోట వినాలని వచ్చారు. మీరు ఇప్పుడు దేవుణ్ణి నమ్ముతున్నట్టేనా?"

బెంచీలు కిర్రుమన్నాయి. ఇస్త్రీ చేసేవాడి భార్య మెడ సాచింది. మాస్టారి నోట్లో పలక ఎక్కడా జారలేదు. ఆయన కోరి ఎన్నుకున్నా అంతకంటే అనుకూలమైన మాట దొరకదు. అందులో ఈల లేదు, తుంపర లేదు, ఉన్నవన్నీ పెదవులూ నాలుకా చూసుకునే అక్షరాలే.

"నమ్మను," అన్నారాయన.

గంట కొట్టినట్టు వినపడింది. పక్క గదిలో టీ కప్పులు సర్దుతున్న మనిషి కూడా తల తిప్పి చూశాడు.

అయినా హాలంతా ఆమె వైపు తిరిగింది.

"ఏమన్నారమ్మా?" అన్నాడు పాస్టరు.

మాస్టారు అప్పుడు ఒక విషయం గ్రహించారు. లోపం ఇంతసేపూ పళ్ళదే అనుకున్నారు. కాదు. ఆయన తేటగా పలికినా వీళ్ళు ఆమె చెప్పేదాకా వినరు. జంజుమ్మీయులు నిజంగా గొణిగి ఉండకపోవచ్చు. ఇది చరిత్రకారుడిగా ఆయనకు వచ్చిన మంచి ఊహల్లో ఒకటి. చెప్పుకోవడానికి అది సమయం కాదు. ఆయన జీవితం అంతా ఇప్పుడు ఆమె నాలుక చివర ఉంది.

ఆమెకు తొందర లేదు. ఒక్క "ఉన్నాను" కలిపితే చాలు. "నమ్మను" కాస్తా "నమ్మనున్నాను" అవుతుంది. ప్రతివారమూ అడిగేవాళ్ళకు ఇక జవాబు వెతుక్కోనక్కర్లేదు. ఆమె పాస్టరు వైపు చూసింది, జనం వైపు చూసింది, ఆపైన భర్త వైపు తిరిగింది.

"ఏమన్నారు?" అని అడిగింది.

ఇన్ని రోజుల్లో ఆమె ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"నమ్మను," అన్నారు మాస్టారు మళ్ళీ, ఈసారి కొంచెం మెత్తగా.

"నమ్మనన్నారు," అంది ఆమె పాస్టరుతో. "తెలుగే కదండీ. మీకు వినపడలేదా?"

పాస్టరు ముఖం పాత రోజుల చివరి బెంచీకి వెళ్ళిపోయింది. వెనక వరుసల్లో గుసగుసలు లేచాయి.

"మధ్యలో దేవుడు పడగొడతాడని ఆయన అనలేదు," అంది ఆమె, గుసగుసలు తనకు పట్టనట్టు. "అది నేనే కలిపాను. బాగుంటుందని కలిపాను. ఇప్పటికీ బాగుందనే అంటాను. నేను నమ్ముతాను. ఆయన నమ్మరు. ఎవరి మాట వాళ్ళది."

"అక్కా, పళ్ళ సంగతి కూడా చెప్పు, తిండికి ఇబ్బంది లేదని," అన్నాడు బావమరిది.

"నువ్వూరుకో," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఈ గందరగోళంలో ముందు వరుస పెద్దావిడ చెవియంత్రం కూత పెట్టి ఆగిపోయింది. దాన్ని తీసి అరచేతిలో తట్టుకుంటూ ఆవిడ మాస్టారి చొక్కా పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఏమంటోంది బాబూ మీ ఆవిడ? నాకు ఒక్క ముక్క వినపడలేదు."

మాస్టారు వంగారు. జవాబు చాలా రకాలుగా చెప్పవచ్చు. నమ్మకం అలవాటు అనవచ్చు, ఆధారం లేదనవచ్చు, పాపం అనవచ్చు. భార్య చేతులు కట్టుకుని, ఆయన ఏం కలుపుతారో చూద్దామన్నట్టు నిలబడి ఉంది.

"నమ్ముతానంటోంది," అన్నారు ఆయన ఆ చెవిలో, ఒక్క అక్షరం కలపకుండా.